రెండువందల పన్నెండు కిలోమీటర్లు

ఆ ఫారంలో ఆఖరి గడి నింపింది నేనే. ఇంకెవర్నీ అనడానికి లేదు. వస్తువు పేరు, ఎన్ని, ఎప్పుడు కొన్నారు, ఇప్పుడు ఎలా ఉంది. ఆ నాలుగో గడిలో మిగతావాళ్ళు ‘పాతది’ అనో ‘గీతలు పడింది’ అనో రాసి ఊరుకుంటారట. నేను మాత్రం నూట నలభై మూడు వస్తువులకీ, చివర్లో వ్యానుకీ కూడా గుండ్రటి అక్షరాలతో ఒకటే మాట రాశాను: ‘కొత్తదానిలాగే ఉంది’. రాసి, మా ఆయనకు గర్వంగా చూపించాను.

ఆయన చదివి, "అన్నీనా?" అన్నాడు.

"ఎవరి చేతిలో ఉన్నాయి మరి!" అన్నాను.

ఇల్లు మారుతూ తెచ్చుకునే సామానుకు కస్టమ్స్ వాళ్ళు పన్ను వెయ్యరు. కాకపోతే అది వాడిన సామాను అయ్యుండాలి. ఈ ఒక్క ముక్క నా బుర్రకెక్కకపోవడం వల్లే ఆ ఎండాకాలం మా ఇంట్లో అంత గొడవ జరిగింది.

కొత్త దేశంలో నాకు ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది. రక్తం తీసి పరీక్ష చేసే పని. ముగ్గురం వచ్చాం. నేను, మా ఆయన, మా నాన్న. నాన్న ముప్పయ్యేళ్ళు సిటీ బస్సు నడిపాడు. రిటైరైన రెండో ఏడు నడుము కింద స్వాధీనం తప్పింది. అప్పట్నుంచీ చక్రాల కుర్చీ. అది మడత పడే రకం కాదు, ఏ టాక్సీలోనూ పట్టదు. అందుకే ఆ వ్యాను కొన్నాం. వెనక తలుపు తెరిస్తే ఇనప పలక ఒకటి కిందికి దిగి, కుర్చీతో సహా మనిషిని ఎత్తి లోపల పెడుతుంది. బండి నాన్న పేరు మీదే ఉంది. ఇక్కడ నాన్న వీధి మొహం చూడాలంటే ఆ బండి ఒక్కటే దారి.

మేం విమానం దిగిన రోజు నుంచి తొంభై రోజుల్లో సామాను విడిపించుకోవాలి. అది దాటితే వాళ్ళ దృష్టిలో మనం ఇల్లు మారినవాళ్ళం కాదు, సరుకు దిగుమతి చేసుకున్న వ్యాపారులం. అప్పుడు వ్యాను మీద పడే పన్ను మా తల తాకట్టు పెట్టినా కట్టలేం. కట్టకపోతే వేలం వేస్తారు. ఓడ మా కంటే ఐదు వారాలు వెనకగా వచ్చింది. అప్పటికే ముప్పయ్యారు రోజులు పోయాయి. నేను వంటింటి గోడకు కాగితం అంటించి రోజుకొక గీత కొట్టడం మొదలుపెట్టాను.

అద్దె ఇల్లు మూడో అంతస్తు. లిఫ్టుంది. ఉండి ఏం లాభం? కిందికి దిగితే రెండు మెట్లంత ఎత్తు ఫుట్‌పాత్, ఆ పక్కనే దూసుకుపోయే ట్రాఫిక్. నాన్నను ఒకసారి తీసుకెళ్ళి గేటు దగ్గర్నుంచే వెనక్కి తెచ్చాం. ఆ తర్వాత ఆయన అడగలేదు. పొద్దున్నే కుర్చీ కిటికీ దగ్గరికి తోసుకుని కూర్చునేవాడు. కింద వీధిలో పద్నాలుగో నంబరు బస్సు వెళ్తుంది. అది తప్ప ఆ వీధిలోకి ఇంకో బస్సు రాదు.

"పన్నెండు నిమిషాలకొకటి," అన్నాడు నాన్న మూడో రోజునే. "నల్లద్దాలవాడు బ్రేకు గట్టిగా కొడతాడు. జడమ్మాయి బాగా నడుపుతుంది, స్టాపుకి ముందే వేగం తగ్గిస్తుంది."

"ఎక్కడికెళ్తుందిట?" అన్నాడు మా ఆయన.

"ఏమో. ఆ మూల తిరిగాక నాకు కనపడదుగా."

ఇంట్లో సామాను లేదు. నేల మీద పక్కలు, కాగితం కంచాలు, మాట్లాడితే గదిలో ప్రతిధ్వని. కూర్చోవడానికి కుర్చీ ఉన్నది నాన్నకొక్కడికే. "ఈ ఇంట్లో నాదే దర్జా," అనేవాడు. నేను మాత్రం కాలుగాలిన పిల్లిలా గదికీ గదికీ మధ్య తిరిగేదాన్ని, చేతిలో ఫోను పెట్టుకుని. ఫోనులో అవతల మా క్లియరింగ్ ఏజెంటు. మన తరఫున కస్టమ్స్ కాగితాలు నడిపించే మనిషి. ఏది అడిగినా, "రేపయిపోతుందండి" అనేవాడు. నాన్న ఆయనకి ‘రేపుగారు’ అని పేరు పెట్టాడు. అదే ఖాయమైపోయింది.

"రేపుగారు ఏమంటున్నారు?"

"రేపంటున్నారు."

ఈ ప్రశ్నా, ఈ జవాబూ రోజుకు నాలుగుసార్లు.

నలభై తొమ్మిదో రోజున ఇంటి సామాను తనిఖీ జరిగింది. నేను సెలవు పెట్టి పోర్టు గోడౌనుకు వెళ్ళాను. అట్టపెట్టెలు విప్పుతున్న ఆఫీసరమ్మకు యాభై ఏళ్ళుంటాయి. కళ్ళద్దాలు తాడుతో మెళ్ళో వేలాడుతున్నాయి. మనిషి నోట్లోంచి మాట తూచినట్టు వస్తుంది. మిక్సీ తీసింది. కంపెనీ పెట్టెలో, థర్మకోల్ మధ్య, వైరుకు చుట్టిన తీగతో సహా ఉంది. ఇస్త్రీపెట్టె తీసింది. అదీ అంతే. టీవీ అద్దం మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఇంకా ఉంది. ఫ్రిజ్ తలుపు మీదా ఉంది. రిమోట్‌కి కవరు, ఆ కవరుకి ఇంకో కవరు.

"ఇవన్నీ కొత్తవే కదా?" అంది.

"అయ్యో, కాదండీ! మిక్సీ కొని తొమ్మిదేళ్ళయింది."

"తొమ్మిదేళ్ళా!" ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మీ ఇంట్లో వంట చేస్తారా?"

నాకు చురుక్కుమంది. రోజూ వాడి, కడిగి, తుడిచి, మళ్ళీ పెట్టెలో పెట్టడం నా అలవాటు. వస్తువు మీద గీత పడితే నా ఒంటి మీద పడ్డట్టుంటుంది. అదృష్టం కొద్దీ బిల్లులు కూడా పారెయ్యను. ఫైలు తీసి ఒక్కొక్కటే ముందు పెట్టాను. ఆమె తేదీలు చూసింది, మిక్సీ మూత తీసి వాసన చూసింది, అరిగిన బ్లేడు మీద వేలు పెట్టి చూసింది. గంటన్నర తర్వాత సంతకం పెట్టింది. నేను ఏదో పతకం గెలిచినట్టు ఇంటికి వచ్చాను. రెండు రోజులకు లారీ వచ్చి సామాను దింపింది. నాన్న లారీ వెనకున్న సామాను ఎత్తే పలకను కిటికీలోంచి చాలాసేపు చూశాడు.

"మన బండిది దీనికంటే చిన్నది," అన్నాడు. అంతే.

వ్యాను మాత్రం రాలేదు. బండ్లకు వేరే తనిఖీ. ముందు రేపుగారు రెండు తాళాలూ కావాలన్నారు. ఒకటి నా సంచిలో ఉంటుంది. రెండోది ఫైల్లో బండి కాగితాల కవర్లో పెట్టాను, నాకు బాగా గుర్తు. కవరు దులిపి చూస్తే లేదు. ఇల్లంతా తలకిందులు చెయ్యబోతుంటే మా ఆయన తన ప్యాంటు జేబులోంచి తీసి ఇచ్చాడు.

"నీ దగ్గరెందుకుంది?"

"ప్యాకింగులో పోతుందేమోనని తీశాలే," అని నీళ్ళు నమిలాడు. అప్పుడు నేను పట్టించుకోలేదు. నాకు గీతలు లెక్కపెట్టుకోవడమే సరిపోతోంది.

అరవై ఎనిమిదో రోజున రేపుగారు మొట్టమొదటిసారి ‘రేపు’ అనలేదు. "మేడమ్, మీరోసారి ఆఫీసుకి రావాలండి," అన్నాడు.

కస్టమ్స్ ఆఫీసు రెండో అంతస్తులో మళ్ళీ అదే ఆఫీసరమ్మ. బల్ల మీద నా ఫారం. ‘కొత్తదానిలాగే ఉంది’ అన్న మాట కింద ఎర్రగీత. పక్కన బండి మీటరు ఫోటో.

"బండి ఎప్పుడు కొన్నారు?"

"ఓడ ఎక్కించడానికి ఏడాదిన్నర ముందు మేడమ్. బిల్లుంది, రిజిస్ట్రేషనుంది."

"ఏడాది దాటితే చాలు, అది సరే. కానీ ఆ ఏడాదీ సొంతదారు తన అవసరానికి వాడి ఉండాలి. రూలు అదీ." ఫోటో నా వైపు తిప్పింది. "రెండువందల పన్నెండు కిలోమీటర్లు. సీట్ల మీద ప్లాస్టిక్ కూడా తియ్యలేదు. ఇలాంటి బండ్లు తెచ్చి ఇక్కడ అమ్ముకునేవాళ్ళు ఏడాదికి వందమంది వస్తారు."

"మా నాన్న కోసం కొన్నాం మేడమ్. ఆయన నడవలేరు."

"కాగితాల్లో చూశాను. ఆయన్ని ఇందులో తిప్పారా?"

తిప్పాం. ఆస్పత్రికి, నాలుగుసార్లు. ఆ రెండువందల పన్నెండూ అవే. మిగతా రోజుల్లో బండి ఇంటి పక్క రేకుల షెడ్డులో, గుడ్డ కప్పుకుని ఉండేది. ఒకరోజు వాన, ఒకరోజు దుమ్ము, ఒకరోజు రోడ్డు తవ్వారు, ఒకరోజు నాకు డ్యూటీ. ‘వచ్చే ఆదివారం వెళ్దాం నాన్నా’ అనేదాన్ని. నాన్న ‘సరేలేమ్మా’ అనేవాడు. అలా ఎన్ని ఆదివారాలు పోయాయో ఆ ఫోటోలో అంకెలేసి ఉంది.

"బండి సొంతదారు స్వయంగా వచ్చి వాంగ్మూలం ఇవ్వాలి. ఎనభై ఒకటో రోజున పోర్టు యార్డులో తనిఖీ," అంది ఆఫీసరమ్మ.

"ఆయన్ని తీసుకురావాలంటే ఆ బండే కావాలి మేడమ్!"

ఆమె కళ్ళద్దాలు తీసి తాడుకు వదిలేసింది. "అర్థమైంది. కానీ ఆయన రావాలి."

ఇంటికి వచ్చేసరికి నాన్న కిటికీ దగ్గరే ఉన్నాడు. మా ఆయన టీ కప్పు అందించాడు. అందుకోకుండా, నిలబడే చెప్పేశాను అంతా. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా తప్పు నాతో ఎలా చెప్పాలా అని చూసుకుంటున్నారనుకున్నాను.

"ఇలా చెబ్దాం నాన్నా," అన్నాను. దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను మరి. "మీటరు ఏడాదిపాటు పనిచెయ్యలేదు, మొన్నీమధ్యే బాగుచేయించాం అని. రోజూ నేనే తిప్పానని చెప్పు. పార్కు, మార్కెట్టు, ఏదో ఒకటి."

"మీటరు పనిచెయ్యలేదని నేను చెప్పాలా?"

"ఒక్క అబద్ధం. ఏం పోతుంది?"

"ముప్పయ్యేళ్ళు బస్సు నడిపినవాణ్ణమ్మా. డిపోలో దిగేటప్పుడు రోజూ మీటరు చూసి రాసి సంతకం పెట్టేవాణ్ణి. మీటరు మీద మాత్రం అబద్ధం చెప్పలేను."

"అయితే ఆ కిటికీ దగ్గరే కూర్చో జీవితాంతం!"

అనేశాక నాలిక కరుచుకున్నాను. నాన్న మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేకుండా వీధిలోకి చూసి, "జడమ్మాయి ఇవాళ రెండు నిమిషాలు లేటు," అన్నాడు. నేను వంటింట్లోకి పోయి, పంపు తిప్పి, గిన్నెల చప్పుడులో ఏడ్చాను. మా ఆయన వెనకాలే వచ్చి నోరు తెరిచాడు, మళ్ళీ మూసేశాడు. "ఏంటి?" అన్నాను. "ఏం లేదు" అన్నాడు. ఆ ‘ఏం లేదు’ని ఆ రెండు వారాలూ భరించాను.

నాన్నను యార్డుకు తీసుకెళ్ళే ఉపాయం మా ఆయనకే తట్టింది. మా సామాను దింపిన లారీవాడితో మాట్లాడుకొచ్చాడు. ఎనభై ఒకటో రోజు పొద్దున్న లారీ వచ్చి ఇంటి ముందు ఆగింది. వెనక పలక దిగింది. నాన్న గడ్డం గీసుకుని, తెల్లచొక్కా తొడుక్కుని, కుర్చీలో రాజాలా దాని మీదికి ఎక్కాడు. కుర్చీని లోపలి గోడకు బెల్టులతో బిగించారు.

"మొన్న ఫ్రిజ్, ఇవాళ నేను," అన్నాడు నాన్న. "అమ్మాయ్, నా మీద కూడా ప్లాస్టిక్ కప్పుతావా?"

లారీవాడు పగలబడి నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. దారంతా మా ఆయన, నేను లారీ వెనక పెట్టెలో నాన్న పక్కనే కూర్చున్నాం. పైనున్న చిన్న కిటికీలోంచి వెలుగు వస్తోంది. బయట ఏమీ కనబడదు. నాన్న కళ్ళు మూసుకుని మలుపులు చెబుతున్నాడు. "ఎడమకి. సిగ్నల్. ఇప్పుడు వంతెన ఎక్కుతున్నాడు. ఫస్టులో వెయ్యాలి, సెకండులో లాగుతున్నాడు." ఎనభై రోజులుగా మూడో అంతస్తులో ఉన్న మనిషి గొంతు ఆరోజు మారిపోయింది. అది విని నాకింకా భయమేసింది. మా వ్యాను పోతే ఈ గొంతు మళ్ళీ వినను.

యార్డులో ఎండ మండిపోతోంది. వరసగా పెద్ద పెద్ద పెట్టెలు, మధ్యలో మా వ్యాను. దాన్ని చూడగానే నాకు మొదట అనిపించింది, దుమ్ము కొట్టుకుపోయిందే అని. నా బుద్ధి అలాంటిది.

ఆఫీసరమ్మ ఫైలుతో వచ్చింది. పక్కన నీలం చొక్కా మెకానిక్. అతను తలుపులు తీసి లోపలికి దూరి, జేబులోంచి కత్తి తీసి డ్రైవరు సీటు ప్లాస్టిక్‌ను పైనుంచి కిందికి సర్రుమని కోశాడు. సీట్ల కింద దొంగసరుకు ఏమైనా ఉందేమో చూడాలట. నాకు ప్రాణం ఉసూరుమంది. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"మేడమ్," అన్నాడు మెకానిక్ లోపల్నుంచి. సీటుకీ వీపు ఆనించే భాగానికీ మధ్య సందులోంచి ఏదో వేళ్ళతో తీశాడు. అరచేతిలో పెట్టి చూపించాడు. వేరుశనగ పొట్టు. గుప్పెడుంది.

నా బండిలో తిండి నిషేధం. మంచినీళ్ళు తాగాలన్నా దిగి తాగాల్సిందే. "అది మాది కాదు," అన్నాను వెంటనే. మా ఆయన నా మోచెయ్యి వదిలేశాడు.

ఆఫీసరమ్మ నాన్న ఎదురుగా వచ్చి నిలబడింది. అలా నిలబడితే ఆయన తల పైకెత్తాల్సి వస్తోందని చూసి, దగ్గర్లో ఉన్న చెక్కపెట్టె ఒకటి లాక్కుని కూర్చుంది.

"ఈ బండి మీదేనా?"

"నాదేనమ్మా."

"మీరు వాడారా?"

నేను నాన్న వైపు చూశాను. మీటరు పాడైందని చెప్పు, చెప్పు, అని కళ్ళతోనే బతిమాలాను.

"మా అమ్మాయి నన్ను నాలుగుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్ళింది. మీటరు మీదున్నవి అవే," అన్నాడు నాన్న. "మీటరు సరిగ్గానే ఉందమ్మా."

అయిపోయింది, అనుకున్నాను.

"మిగతా రోజుల్లో?"

"మిగతా రోజుల్లో నేనూ మా అల్లుడూ వెళ్ళేవాళ్ళం."

"మీటరు తిరగకుండా ఎక్కడికి వెళ్ళారు?"

"షెడ్డు దాటలేదు." నాన్న కాస్త సిగ్గుపడ్డాడు. "మధ్యాహ్నం మా అమ్మాయి డ్యూటీలో ఉన్నప్పుడు అల్లుడు నన్ను బండెక్కించేవాడు. తను స్టీరింగ్ దగ్గర కూర్చునేవాడు, నేను వెనక. నా పాత రూటు ఉంది, తొమ్మిదో నంబరు. అది చెప్పేవాణ్ణి. మార్కెట్ దగ్గర జనం ఉంటారు, మూడో గేరులోకి రా. కోర్టు ముందు ముసలాయన ఎక్కుతాడు, కాస్త ఆపు. పాత వంతెన మీద హారన్ కొట్టు. అలా ఆఖరి స్టాపు దాకా వెళ్ళి, టీ టైముకి వెనక్కి వచ్చేవాళ్ళం."

"ఇంజను ఆన్ చేసేవారా?"

"లేదమ్మా. పొగ వాసన మా అమ్మాయికి ఇట్టే తెలిసిపోతుంది. రేడియో మాత్రం పెట్టుకునేవాళ్ళం."

ఆఫీసరమ్మ నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. కలం మూత పెట్టింది, మళ్ళీ తీసింది. "ఇది నేను వాంగ్మూలంలో ఎలా రాయనండీ?" అంది, నిజంగానే అడుగుతున్నట్టు. "వాడినట్టు ఏదైనా ఆధారం ఉండాలి. పల్లీల పొట్టు ఆధారం కాదు."

అప్పటికి మెకానిక్ వెనక తలుపు తెరిచి పలకను పరీక్షిస్తున్నాడు. పలక కిందికి దిగింది, పైకి వెళ్ళింది. ఏ చప్పుడూ లేదు. అతను మోకాళ్ళ మీద వంగి, పలకను ఆడించే మోటారు పక్కన జేగురు రంగు దుమ్ము తుడిచాడు. చిన్న అద్దపు గడి.

"దీనికీ మీటరు ఉంది మేడమ్. ఎన్నిసార్లు దిగి ఎక్కిందో చూపిస్తుంది, సర్వీసింగు కోసం."

"ఎంతుంది?"

"ఇప్పుడు నేను చేసిన ఒకటి తీసేస్తే, ఎనిమిదివందల ఇరవై."

ఆఫీసరమ్మ ఫైలు వెనక చిన్నగా లెక్క వేసింది. "ఎక్కడానికి ఒకసారి, దిగడానికి ఒకసారి. నాలుగువందల పది రోజులు. ఆస్పత్రి నాలుగు రోజులూ, రానూ పోనూ రెండేసి లెక్కన తీసేసినా నాలుగువందల రెండు." తలెత్తి మా ఆయన వైపు చూసింది. "రోజూనా?"

"ఆదివారాలు తప్ప," అన్నాడు మా ఆయన. "ఆదివారం ఈవిడ ఇంట్లో ఉంటుంది."

అని తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

ఆమె వాంగ్మూలం రాసింది. బండిలోని ప్రత్యేక సదుపాయాన్ని సొంతదారు క్రమం తప్పకుండా, సొంత అవసరానికి వినియోగించినట్టు తనిఖీలో తేలింది, అని. నాన్న చదువుకుని సంతకం పెట్టాడు, డిపోలో పెట్టినట్టు తేదీ వేసి మరీ. వెళ్ళబోతూ ఆమె నా వైపు తిరిగింది. "ఏడాదిదాకా ఈ బండి అమ్మకూడదు. ఇక్కడ రోడ్లు బాగానే ఉంటాయి." ఆ రెండో మాట రూల్సులో లేదని నాకు తెలుసు.

తిరుగు ప్రయాణంలో లారీ పెట్టెలో నేను ఇద్దరికీ దూరంగా కూర్చున్నాను. సిగ్గుతో ఒళ్ళు కాలిపోతోంది, కోపంతో కూడా. నాన్న మీద కాదు, మా ఆయన మీద. నాలుగువందల రోజులు నా కళ్ళుగప్పారు. ఆ తర్వాత మెల్లగా ఒకటి గుర్తొచ్చింది.

"బ్యాటరీ," అన్నాను.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"కొన్న ఆర్నెల్లకే బ్యాటరీ దిగిపోయింది. తిప్పని బండికి బ్యాటరీ ఎలా దిగుతుందని ఆ కొట్టువాణ్ణి నడిబజార్లో నిలబెట్టి కడిగేశాను. పాపం అతను ఊరికే కొత్తది ఇచ్చాడు."

"అవును," అన్నాడు మా ఆయన. "నేను తర్వాత వెళ్ళి సారీ చెప్పొచ్చాను."

"నాతో ఒక్క మాట చెబితే ఏమయ్యేది?"

"చెబితే రెండో తాళం కూడా నీ సంచిలోకి పోయేది," అన్నాడు. విసుగు లేదు ఆ గొంతులో. అదే నాకు ఎక్కువ తగిలింది. నాన్న కళ్ళు మూసుకుని, "ఎడమకి," అన్నాడు. నేను మొహం అవతలికి తిప్పుకున్నాను. ఎంత ఆపుకుందామన్నా కన్నీళ్ళు ఆగలేదు. లారీ కుదుపులకి అవి ఎటు పడితే అటు పోతున్నాయి.

ఎనభై ఏడో రోజున రేపుగారు ఫోను చేసి, "ఈరోజే మేడమ్!" అన్నాడు. ఆ మాట ఆయనకే కొత్తగా ఉన్నట్టుంది, రెండుసార్లు అన్నాడు. నేనూ మా ఆయనా వెళ్ళి బండి తెచ్చుకున్నాం. తాళాలు రెండూ నా చేతికిచ్చారు. ఒకటి సంచిలో వేసుకుని, రెండోది మా ఆయన చొక్కా జేబులో పడేశాను. ఆయన జేబు మీద ఓసారి చెయ్యి పెట్టుకున్నాడు. కోసిన ప్లాస్టిక్ దారంతా గాలికి టపటపలాడుతూనే ఉంది. ఇంటి ముందు బండి ఆపి, దాన్ని పూర్తిగా లాగేసి చెత్తకుండీలో కుక్కాను. మిగతా సీట్లవి కూడా. అరగంట పట్టింది. చెమటలు కారిపోయాయి.

నాన్నను కిందికి తెచ్చేసరికి సాయంత్రం నాలుగున్నర. పలక దిగింది, ఎక్కింది. ఎనిమిదివందల ఇరవై రెండు, అనుకున్నాను. మా ఆయన నా పక్క సీట్లో కూర్చున్నాడు. నేను స్టీరింగ్ పట్టుకుని అద్దంలోంచి వెనక్కి చూశాను.

"ఎక్కడికెళ్దాం నాన్నా? సముద్రం ఒడ్డుకా, పెద్దపార్కుకా? ఎక్కడికంటే అక్కడికి."

నాన్న వెనకద్దంలోంచి వీధిలోకి చూస్తున్నాడు. నిమిషం గడిచింది. నా కాలు ఊరికే యాక్సిలరేటర్ మీద ఆడుతోంది. అంతలో మా పక్కనుంచి పద్నాలుగో నంబరు వెళ్ళింది.

"జడమ్మాయి," అన్నాడు నాన్న. "దాని వెనకాలే పో."

పోయాను. ఆ మూల తిరిగాం. బస్సు స్టాపులో ఆగింది, మేమూ ఆగాం. వెనక కార్లవాళ్ళు హారన్లు మోగించారు. మళ్ళీ స్టాపు, మళ్ళీ ఆగాం. మూడో స్టాపుకి నా ఓపిక అయిపోయింది. పక్క వరస ఖాళీగా ఉంది, స్టీరింగ్ అటు తిప్పబోయాను.

"ఓవర్‌టేక్ చెయ్యకు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

స్కూలు, మందుల షాపు, ఫ్లైఓవర్ కింద బట్టలు ఆరేసిన వీధి, పెద్ద గోడ, గోడ వెనక పట్టాలు. నాన్న ప్రతి స్టాపునూ పైకి అనుకుంటున్నాడు. మా ఆయన ఎక్కేవాళ్ళను లెక్కపెడుతున్నాడు. నాకు తెలియని ఆట అది. నాలుగువందల రోజులు ఆడి బాగా ఆరితేరారు. నేను బండి మాత్రం నడిపాను.

ఆఖరి స్టాపు ఊరి చివర్లో ఉంది. సిమెంటు నేల, వరసగా బస్సులు. జడమ్మాయి దిగి నడుం విరుచుకుంది, సీసాలో నీళ్ళు తాగింది, మీటరు చూసి పుస్తకంలో ఏదో రాసుకుంది. నాన్న కిటికీకి నుదురు ఆనించి ఇదంతా చూశాడు.

"ఇక్కడ నీడ లేదు," అన్నాడు చివరికి. "ఎండలో ఎక్కడ కూర్చుంటారో పాపం."

"చూశావుగా నాన్నా. ఇంక వెళ్దామా?" అన్నాను. ఇంటి దగ్గర పని కొండలా ఉంది. మర్నాడు పొద్దున్నే డ్యూటీ. చెయ్యి అప్పటికే గేరు మీద ఉంది.

నాన్న చూపు అవతలి వరస మీద ఉంది. కదలడానికి సిద్ధంగా ఒక బస్సు తలుపులు మూసుకుంటోంది.

"పదిహేడో నంబరు," అన్నాడు మెల్లగా. "మన వీధిలోకి రాదు అది." ఆ వెంటనే, నాకు బాగా అలవాటైన గొంతుతో, "వచ్చే ఆదివారం చూద్దాంలేమ్మా," అన్నాడు.

మా ఆయన నా వైపు చూడలేదు. తన జేబులోంచి పొట్లం ఒకటి తీసి విప్పాడు, వేరుశనక్కాయలు. కొన్ని వెనక్కి అందించాడు. కాసిని నా ఒళ్ళో, కొత్త సీటు మీద పడ్డాయి. నేను దులపలేదు. పదిహేడో నంబరు గేటు దాటుతోంది. నేను బండి దాని వెనక్కి తిప్పాను.